బాలింతకు మూడో రోజు

తల్లిపాలు మంచివని తెలియని బాలింత తెలుగునాట ఇప్పుడు వెతికినా దొరకదు. పీహెచ్‌సీ గోడ మీద అదే రాసి ఉంటుంది. అంగన్‌వాడీ టీచరూ అదే చెబుతుంది. ఆగస్టు మొదటి వారంలో తల్లిపాల వారోత్సవాలు వచ్చాయంటే ఊరేగింపులో ప్లకార్డుల మీదా అదే మాట. చివరికి డబ్బా పాల కంపెనీ కూడా డబ్బా మీద ఆ మాట అచ్చువేయక తప్పదు, 1992లో వచ్చిన చట్టం అలా కట్టడి చేసింది. అయినా కాన్పయిన మూడో రోజు రాత్రి, రొమ్ములు గట్టిపడి, చనుమొన పగిలి, బిడ్డ నోరు పెట్టగానే ప్రాణం విలవిల్లాడుతున్న వేళ ఆ తల్లికి వీటిలో ఒక్క మాటా అక్కరకు రాదు. బిడ్డను ఎలా పట్టుకోవాలో, గట్టిపడిన రొమ్మును ఎలా మెత్తబరచాలో, ఈ నొప్పి నాలుగు రోజుల్లో తగ్గేదా లేక డాక్టరు దగ్గరికి పరుగెత్తాల్సినదా అన్నది అప్పటికప్పుడు చూసి చెప్పే మనిషి ఆమెకు కావాలి. పాలు ఎందుకివ్వాలో మనం ఇంటింటికీ చేరవేశాం. ఎలా ఇవ్వాలన్నది మాత్రం తల్లి అదృష్టానికి వదిలేశాం. ‘పాలు చాలలేదు’ అని డబ్బా పట్టిన ఇళ్లలో ఎక్కువ చోట్ల లోపం తల్లి ఒంట్లో ఉండదు, వేళకు సాయం అందకపోవడంలో ఉంటుంది.

ఆ సాయం ఆసుపత్రిలో దొరుకుతుంది కదా అనుకుంటాం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూస్తే ఆ నమ్మకం నిలబడదు. తెలంగాణలో నూటికి 97 కాన్పులు ఆసుపత్రుల్లోనే జరుగుతున్నాయి, ఆంధ్రప్రదేశ్‌లో 96 పైమాటే. అంటే దాదాపు ప్రతి తల్లి పక్కనా బిడ్డ పుట్టిన క్షణాన డాక్టరో నర్సో ఉన్నారు. మరి పుట్టిన గంటలోపు తల్లి రొమ్ము అందిన పిల్లలు తెలంగాణలో నూటికి 37 మందే. దేశం మొత్తం మీద చూసినా 42కు మించలేదు. అంతకన్నా ఆలోచింపజేసే సంగతి ఇంకొకటుంది. 2015-16 సర్వేకూ దీనికీ మధ్య దేశంలో ఆసుపత్రి కాన్పులు 79 శాతం నుంచి 89 శాతానికి పెరిగాయి. గంటలోపు పాలు పట్టడం మాత్రం 41.6 నుంచి 41.8కి వచ్చి అక్కడే కూర్చుంది. మంచం, డాక్టరు, మందులు పెరిగినంత మాత్రాన బిడ్డ రొమ్ముకు చేరడం లేదన్నమాట.

పెద్దాపరేషన్ల వల్లే కదా ఇదంతా అని ఎవరైనా అడగొచ్చు. అడగాల్సిందే. ఆ సర్వే నాటికే తెలంగాణలో నూటికి 60 కాన్పులు సిజేరియన్లు, ప్రైవేటు ఆసుపత్రుల్లో అయితే 80కి పైనే. కోత పడిన తల్లి కూర్చోలేదు, పక్కకు తిరగలేదు, పాలు రావడం కూడా కాస్త ఆలస్యమవుతుంది. కానీ పాలు పడటానికి మీట నొక్కేది కాన్పు దారి కాదు, మాయ బయటికి రావడం. మాయ పడిపోగానే ప్రొజెస్టెరాన్ అనే హార్మోను ఒక్కసారిగా తగ్గుతుంది, దాంతో పాలు ఊరడం మొదలవుతుంది. అది రెండు రకాల కాన్పుల్లోనూ జరిగేదే. నడుముకు మత్తిస్తే తల్లి మెలకువగానే ఉంటుంది, థియేటర్లోనే బిడ్డను ఆమె ఛాతీ మీద పడుకోబెట్టవచ్చు. గదికి వచ్చాక పక్కకు తిప్పి పడుకోబెట్టో, బిడ్డ కాళ్లు వెనక్కి వచ్చేలా చంక కింద పెట్టో కోతకు ఒత్తిడి తగలకుండా పట్టించవచ్చు. ఇవి చేయకపోవడానికి కారణం కత్తి కాదు. బిడ్డను గుడ్డలో చుట్టి బయట ఉన్న బంధువుల చేతిలో పెట్టేసి, తల్లి ‘తేరుకున్నాక చూద్దాం’ అనే అలవాటు.

ఆ తేరుకునే లోపే అసలు నష్టం జరుగుతుంది. తొలిరోజు తల్లికి వచ్చేవి ముర్రుపాలు. చిక్కగా, పసుపు ఛాయలో, చెంచాల లెక్కన వస్తాయి. ఆ రోజు బిడ్డ పొట్టలో పట్టేది కూడా ఇంచుమించు ఒక చెంచాడే. ప్రకృతి లెక్క సరిగ్గానే ఉంది, చూసేవాళ్ల లెక్కే తప్పుతోంది. రొమ్ము పిండి చూస్తారు, రెండు చుక్కలు రాగానే ‘పాలు పడలేదు’ అని తేల్చేస్తారు. పాలు ధారగా దిగేది రెండో రోజుకూ నాలుగో రోజుకూ మధ్య. అప్పటిదాకా డబ్బా పాలు తాగిన బిడ్డ కడుపునిండి పడుకుంటాడు, రొమ్ము చీకడు. చీకితేనే పాలు ఊరించే ప్రొలాక్టిన్ అనే హార్మోను పెరుగుతుంది, ఖాళీ అయితేనే రొమ్ము మళ్లీ నిండుతుంది. నిండిన రొమ్ము నిండినట్టే ఉంటే, ఇక చాలన్న కబురు పాలు తయారుచేసే కణాలకు ఆ పాలలోంచే అందుతుంది. అలా ‘పాలు పడలేదు’ అన్న మాట నాలుగు రోజుల్లో తనను తానే నిజం చేసుకుంటుంది. చేపు సంగతి ఇంకా సున్నితం. ఆక్సిటోసిన్ అనే హార్మోను విడుదలైతేనే పాలు రొమ్ములోంచి చనుమొనకు దిగుతాయి. భయం, నొప్పి, చుట్టూ మూగిన జనం దాన్ని కాసేపు ఆపగలవు. దూడ కనబడనిదే, కొత్త మనిషి చెయ్యి పడితే గేదె చేపదని పాడి ఉన్న ప్రతి ఇంటికీ తెలుసు. అదే ఇంట్లో బాలింత చుట్టూ పదిమంది చేరి ‘వచ్చాయా, రాలేదా’ అని గుచ్చిగుచ్చి అడుగుతుంటారు.

ఇక పట్టించడం. ఇందులో నేర్చుకోవాల్సింది చిన్నదే, కానీ పోస్టరు చూసి వచ్చేది కాదు. బిడ్డ తల ఒక్కటే రొమ్మువైపు తిప్పితే చాలదు, ఒళ్లంతా తల్లివైపు తిరిగి, పొట్టకు పొట్ట తగిలేలా ఉండాలి. బిడ్డ ముక్కు చనుమొనకు ఎదురుగా ఉంచి, పైపెదవికి చనుమొన తాకిస్తే నోరు తెరుస్తాడు. కొంచెం తెరిచినప్పుడు తొందరపడకూడదు. ఆవలించినంత వెడల్పుగా తెరిచిన ఆ లిప్తలో బిడ్డను రొమ్ముకు తేవాలి, రొమ్మును బిడ్డకు కాదు. సరిగా పట్టుకుంటే గడ్డం రొమ్ముకు ఆనుతుంది, కింది పెదవి బయటికి మడుచుకుంటుంది, చనుమొన చుట్టూ ఉన్న నల్లటి భాగం కిందికన్నా పైన ఎక్కువ కనిపిస్తుంది, బుగ్గలు లోపలికి గుంటపడవు. మొదట గబగబా చీకి, పాలు దిగాక నెమ్మదిస్తాడు, గుటక వినిపిస్తుంది. చిటుక్ చిటుక్‌మని శబ్దం వస్తున్నా, వదిలాక చనుమొన ఒకపక్కకు నొక్కుకుపోయి తెల్లగా పాలిపోయినా బిడ్డ చనుమొన కొసను మాత్రమే నములుతున్నాడని అర్థం. అప్పుడు లాగేయకూడదు. నోటి మూలనుంచి చిటికెన వేలు లోపలికి పెట్టి పట్టు విడిపించి మళ్లీ పట్టించాలి. చనుమొన పగుళ్లకు మూలం చాలావరకు ఇక్కడే ఉంది.

మూలం అక్కడ పెట్టుకుని మనం పైపూతలు వెతుకుతుంటాం. పగుళ్లకు రాసే మందులను పరీక్షించిన పరిశోధనలను కోక్రేన్ సంస్థ 2014లో ఒకచోట చేర్చి చూసింది. ఖరీదైన లానోలిన్ ట్యూబుకన్నా ఏమీ రాయకపోవడమో, పిండిన రెండు చుక్కల పాలే రాసి ఆరనివ్వడమో ఏమాత్రం తీసికట్టు కాదని, బహుశా మెరుగేనని తేలింది. నొప్పి కూడా చాలామందిలో వారం పది రోజులకు తగ్గుతుంది. చనుమొన చుట్టూ కనిపించే చిన్నచిన్న బొడిపెలు తామే నూనెను స్రవించి చర్మాన్ని కాపాడతాయి, ఆ వాసనే బిడ్డకు దారి చూపుతుంది. పాలిచ్చిన ప్రతిసారీ సబ్బుతో కడిగే శుభ్రత ఆ నూనెను కడిగేస్తుంది. రోజూ స్నానంలో నీళ్లు పోసుకుంటే సరిపోతుంది. ఈ ఒక్క విషయంలో శ్రద్ధ ఎక్కువైన తల్లే ఎక్కువ బాధపడుతుంది.

చనుమొనలు లోపలికి ఉన్నవాళ్ల సంగతి మరీ విడ్డూరం. గర్భంతో ఉన్నప్పుడే వేళ్లతో అటూ ఇటూ లాగే వ్యాయామాలు చేయమని, ప్లాస్టిక్ చిప్పలు పెట్టుకోమని దశాబ్దాల తరబడి పుస్తకాల్లో రాశారు. బ్రిటన్‌లో ఈ సలహాలను పరీక్షకు పెట్టి 1992లో ఫలితం ప్రకటించారు. వ్యాయామాలతో ఒరిగిందేమీ లేదు. చిప్పలు పెట్టుకోమన్న తల్లుల్లో అయితే ఆరు వారాల నాటికి పాలిస్తున్నవాళ్లు మిగతావాళ్లకన్నా తక్కువమంది. తర్వాత జరిగిన పెద్ద పరీక్షలోనూ వీటివల్ల లాభం కనబడలేదు. అదే కాలంలో మన పక్కనే కర్ణాటకలోని దావణగెరె పిల్లల డాక్టర్లు 1993లో ఒక చవకైన ఉపాయం వివరించారు. పది మిల్లీలీటర్ల ప్లాస్టిక్ సిరంజి తీసుకుని సూది గుచ్చే కొసను అడ్డంగా కోసేస్తారు. లోపలి కాడను తీసి, కోసిన గరుకు వైపునుంచి తిరిగి దూరుస్తారు. నున్నగా ఉన్న రెండోవైపు చనుమొన మీద ఆనించి కాడను మెల్లగా వెనక్కి లాగితే చనుమొన బయటికి వస్తుంది. పాలిచ్చే ముందు అర నిమిషమో నిమిషమో ఉంచితే బిడ్డకు పట్టు దొరుకుతుంది, నొప్పి పుడితే ఆపేయాలి. గర్భంతో ఉండగా కాదు, కాన్పయ్యాక చేసే పని ఇది. అంతకు ముందే చెప్పుకోవాల్సిన మాట: బిడ్డ చీకేది చనుమొనను కాదు, దాని వెనకున్న రొమ్మును. కొస చిన్నదైనా, లోపలికి ఉన్నా చాలామంది బిడ్డలు పట్టుకోగలరు.

మూడో రోజు గట్టిపడటం దగ్గరికి వద్దాం. పాలతోపాటు రక్తం, నీరు కూడా రొమ్ములోకి చేరడం వల్ల అది బిగుస్తుంది. చనుమొన చుట్టూ చర్మం సాగిపోయి బిడ్డకు పట్టు చిక్కదు. చిక్కక ఏడుస్తాడు, ఏడిస్తే డబ్బా వస్తుంది, పాలు తీయక రొమ్ము మరింత బిగుస్తుంది. వేళ్ల కొసలు చనుమొన చుట్టూ ఆనించి ఛాతీవైపుకు ఒక నిమిషం మెల్లగా నొక్కి పట్టుకుంటే అక్కడి నీరు వెనక్కి జరిగి ఆ మేర మెత్తబడుతుంది. వెంటనే బిడ్డను పెట్టాలి. అప్పటికీ పట్టకపోతే కొద్దిగా చేత్తో పిండాలి. బొటనవేలు పైన, చూపుడు వేలు కింద, నల్లటి భాగం అంచున పెట్టి, ముందు ఛాతీవైపుకు నొక్కి ఆ తర్వాత రెండు వేళ్లూ దగ్గరికి తేవాలి. చర్మం మీద వేళ్లు జారకూడదు, చనుమొనను లాగకూడదు. ఇక్కడ వైద్యుల మాటే మారిందని ఒప్పుకోవాలి. వేడి కాపడం పెట్టి గడ్డలు కరిగేలా గట్టిగా మర్దన చేయమన్నది నిన్నటి సలహా. చనుబాల వైద్యుల అంతర్జాతీయ అకాడమీ 2022లో ఇచ్చిన సూచనలు దాన్ని తిరగరాశాయి: గట్టి మర్దన కణజాలాన్ని ఇంకా వాపెక్కిస్తుంది, చల్లని కాపడం మేలు, పంపుతో అతిగా తోడేయడం కూడా చేటే. రొమ్ము ఒక పక్కన ఎర్రబడి, ముట్టుకుంటే కాలుతూ, చలిజ్వరం వచ్చి ఒకటి రెండు రోజుల్లో తగ్గకపోతే డాక్టరుకు చూపాలి, యాంటీబయాటిక్ అవసరం పడొచ్చు. చీము పట్టినా ఇప్పుడు చాలావరకు సూదితో తీసేస్తారు. ‘జ్వరం పాలు’ బిడ్డకు పట్టకూడదని ఆపేయడమే అన్నిటికన్నా చెరుపు. పాలు నిలిచిపోతే గడ్డ పెరుగుతుంది, బిడ్డకు మాత్రం ఆ పాలవల్ల హాని లేదు.

ఇవన్నీ అమ్మమ్మలకు తెలియనివా అనే మాట వస్తుంది. వాళ్లకు తెలిసినవి తక్కువ కాదు. తొలి కాన్పుకు పుట్టింటికి పంపడం, నెలల తరబడి బాలింత చేత పని చేయించకపోవడం పాలకు ఎంత మేలో ఏ పుస్తకమూ అంతకన్నా బాగా చెప్పలేదు. పాలు మరల్చడానికి రొమ్ములకు మల్లెపూలు కట్టే అలవాటును వెల్లూరు వైద్యులు 1988లో పరీక్షించి చూశారు. అదే పనికి వాడే బ్రోమోక్రిప్టిన్ మాత్రతో పోల్చితే ప్రొలాక్టిన్ అంతగా తగ్గలేదు కానీ, రొమ్ముల బిగువు, పాలు తగ్గడంలో మల్లెలు మాత్రకు తీసిపోలేదు. అయితే ఆ అమ్మమ్మలే ముర్రుపాలు పిండి పారబోయమంటారు, తేనె నాకిస్తారు, బాలింత నీళ్లు తాగితే బిడ్డకు జలుబని దాహంతో ఉంచుతారు. వెల్లుల్లి, మునగాకు పెట్టడం మంచిదే, తల్లికి బలం. కానీ పాలు పెరిగేది ప్రధానంగా తీసేకొద్దీ తప్ప తినేకొద్దీ కాదు. కాబట్టి సంప్రదాయాన్ని మొత్తంగా నెత్తిన పెట్టుకోవడానికీ లేదు, తోసిపుచ్చడానికీ లేదు. అదీగాక, చాలా ఇళ్లలో ఆ గొలుసు ఇప్పటికే తెగింది. డబ్బా పాలతో పిల్లల్ని పెంచిన తరం ఇవాళ అమ్మమ్మలయింది. హైదరాబాదు ఫ్లాటులోనో, డాలస్‌లోనో కాన్పయ్యే కూతురి దగ్గరికి వచ్చే తల్లికి వంట తెలిసినంత బాగా పాలు పట్టించడం తెలుసని అనుకోలేం.

నేర్పితే ఫలితం ఉంటుందా అన్నదానికి మన ఉపఖండంలోనే గట్టి జవాబులున్నాయి. హర్యానా పల్లెల్లో అంగన్‌వాడీ కార్యకర్తలకు, ఏఎన్ఎంలకు శిక్షణ ఇచ్చి తల్లులతో పదే పదే మాట్లాడించారు. 2003లో వచ్చిన ఫలితాల ప్రకారం మూడు నెలల వయసులో కేవలం తల్లిపాల మీదే ఉన్న పిల్లలు ఆ ఊళ్లలో 79 శాతం, మిగతా ఊళ్లలో 48 శాతం. విరేచనాలూ తగ్గాయి. ఢాకాలో ఇంకా ముందుకు వెళ్లారు. అదే పేటలో ఉండే, పిల్లల్ని కన్న మామూలు ఆడవాళ్లకు పది రోజులు, రోజుకు నాలుగు గంటలు నేర్పి ఇళ్లకు పంపారు. కాన్పుకు ముందు మొదలుపెట్టి ఐదు నెలల దాకా వాళ్లు ఇంటికి వచ్చి చూసేవాళ్లు. ఐదో నెలలో కేవలం తల్లిపాలు తాగుతున్నవాళ్లు వాళ్లు వెళ్లిన ఇళ్లలో 70 శాతం, వెళ్లని చోట 6 శాతం. ఇవి రెండూ లాన్సెట్ వైద్య పత్రికలో అచ్చయిన పద్ధతైన ప్రయోగాలు. మన నర్సింగ్ కాలేజీల్లో ఏటా జరిగే చిన్న అధ్యయనాలను వీటి పక్కన పెట్టి చూడాలి. బాలింతలకు రొమ్ము సంరక్షణ మీద ప్రశ్నపత్రం ఇస్తారు, ఒక క్లాసు చెప్పి మళ్లీ అదే పత్రం ఇస్తారు, మార్కులు పెరిగాయని రాస్తారు. పెరక్క ఏం చేస్తాయి? అరగంట కిందట చెప్పిందే కదా అడిగింది. ఆ మార్కులు నెల తర్వాత పగిలిన చనుమొనల లెక్కనూ, డబ్బా పట్టిన ఇళ్ల లెక్కనూ మార్చాయా అన్నది కొలిస్తే ఆ శ్రమకు సార్థకత ఉండేది.

ఈ వాదన తల్లి మీద మరో బరువు మోపుతోందనే అభ్యంతరం న్యాయమైనదే. కాన్పులో రక్తం విపరీతంగా పోయినవాళ్లు, మాయ ముక్క లోపల మిగిలిపోయినవాళ్లు, రొమ్ముకు ఆపరేషన్ అయినవాళ్లు, పాల గ్రంథులే సరిగా ఎదగనివాళ్లు, థైరాయిడ్ అదుపులో లేనివాళ్లు ఉంటారు. ఎంత చేసినా కొందరికి సరిపడా రావు. వాళ్లకు డబ్బా పాలు తప్పు కాదు, మందు. నెలలు నిండని పిల్లలకైతే హైదరాబాదు నిలోఫర్ ఆసుపత్రిలోని ‘ధాత్రి’ వంటి తల్లిపాల నిధులు ఉన్నాయి. కానీ ఆ కొందరెవరో తేలాలన్నా ఎవరో ఒకరు దగ్గర కూర్చుని చూడాల్సిందే. ఐదో రోజు దాటిన బిడ్డ రోజుకు ఆరుసార్లకు తక్కువ కాకుండా మూత్రం పోస్తున్నాడా, పుట్టినప్పటి బరువుకు రెండు వారాల్లో తిరిగి చేరుకున్నాడా అన్నవి ఏడుపుకన్నా నమ్మదగిన గుర్తులు. చూడకుండా అందరికీ డబ్బా రాసేయడం, చూడకుండా అందరినీ ‘ఇంకా ప్రయత్నించు’ అనడం రెండూ ఒకే రకం నిర్లక్ష్యం. పనికి వెళ్లే తల్లుల సంగతి వేరే వ్యాసమంత పెద్దది. ప్రసూతి సెలవు చట్టానికి 2017లో వచ్చిన సవరణ 26 వారాల జీతంతో కూడిన సెలవు ఇచ్చింది గానీ, మిరపకోతకు వెళ్లే కూలీకి ఆ చట్టం పేరు కూడా చేరదు.

కొత్త పథకం అక్కర్లేకుండానే చేయగలిగింది ఒకటుంది. 2011 నుంచి ఆశా కార్యకర్తలు కొత్తగా పుట్టిన బిడ్డల ఇళ్లకు వెళ్లే ఏర్పాటు అమల్లో ఉంది. ఆసుపత్రి కాన్పయితే 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో వెళ్లాలి. మూడో రోజు ఆ జాబితాలో ముందే ఉంది. చిక్కల్లా, పెద్దాపరేషనైన తల్లి ఆ రోజుకు ఇంకా ఆసుపత్రిలోనే ఉంటుంది, పుట్టింటికి వెళ్లిన కోడలి పేరు అత్తగారి ఊరి రిజిస్టరులో ఉంటుంది, పట్నంలో ప్రైవేటులో కన్న తల్లి దగ్గరికి ఎవరూ రారు. ఆసుపత్రిలో ఉన్న తల్లుల బాధ్యత అక్కడి నర్సుదే కావాలి, పాలు పట్టడం చూశానని ఆమె సంతకం పెట్టనిదే డిశ్చార్జి కాగితం కదలకూడదు. ఇంటికి వచ్చే ఆశా ‘పాలిస్తున్నావామ్మా?’ అని అడిగి ఫారం నింపుకుని వెళ్తే ప్రయోజనం లేదు, దానికి ఎవరైనా ‘ఇస్తున్నా’ అనే అంటారు. బిడ్డ లేచే వేళకు వచ్చి, నోరు పెట్టిన దగ్గర్నుంచి తనంతట తాను వదిలేదాకా కూర్చుని చూడాలి. దానికి పట్టేది ఇరవై నిమిషాలో అరగంటో.